ఓడలు ఇచ్చేవారున్నారు, నడిపేవారేరీ?

చిన్న దేశాల సముద్ర గస్తీ ఎలా నడుస్తోంది, ఎక్కడ ఆగిపోతోంది అన్న ప్రశ్నకి ఒక ఓడ చరిత్ర చాలావరకు జవాబు చెబుతుంది. కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ యార్డులో తయారై, 2001లో తర్ముగ్లి పేరుతో మన నౌకాదళంలో చేరిన గస్తీ నౌక అది. 2005లో భారత్ దాన్ని సీషెల్స్ దేశానికి కానుకగా ఇచ్చింది. అక్కడ టొపాజ్ అని పేరు మారింది. 2010 మార్చిలో సోమాలీ సముద్రపు దొంగలతో తలపడి, వాళ్ల చెరలో ఉన్న 27 మంది ఇరాన్, సీషెల్స్ దేశస్థులను విడిపించింది. దాదాపు దశాబ్దం కొలువు చేసి తిరిగొచ్చాక, మరమ్మతులు పూర్తి చేసుకుని, 2016 మే 23న విశాఖపట్నంలో పాత పేరుతోనే మళ్లీ మన దళంలో చేరింది. 2023 మేలో మాల్దీవులకు వెళ్లి హురవీ అయింది.

ఓడ ఒక్కటే, జెండాలు మూడు. జెండా మారినప్పుడల్లా కొత్తగా కావలసి వచ్చింది ఓడ కాదు. దాన్ని నడపడం తెలిసిన మనుషులు, పాడైతే బాగుచేసే యార్డు, ఏడాది పొడవునా డీజిలు పోయించగల బడ్జెట్. ఈ మూడూ ఉన్నచోట పాత ఓడ కూడా ప్రాణాలు కాపాడింది. లేనిచోట కొత్త ఓడ కూడా రేవులో కట్టేసి ఉండిపోయింది. చిన్న దేశాలు తమ గస్తీ బలాన్ని ఓడల సంఖ్యతో కొలుచుకోవడం మానేసి, ఏడాదిలో ఎన్ని రోజులు సముద్రంలో ఉన్నామన్న లెక్కతో కొలుచుకోవాలి. ఈ సమీక్ష చెప్పదలచింది అదే. మన రాష్ట్ర తీరానికి కూడా ఆ కొలతే వర్తిస్తుంది.

చిన్న నేల, పెద్ద నీరు

1982లో కుదిరి 1994 నవంబరులో అమల్లోకి వచ్చిన ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టాల ఒప్పందం, తీరదేశాలకు 200 నాటికల్ మైళ్ల మేర, అంటే సుమారు 370 కిలోమీటర్ల దాకా, ప్రత్యేక ఆర్థిక మండలాన్ని ఇచ్చింది. ఆ నీటిలోని చేపల మీద, అడుగునున్న ఖనిజాల మీద హక్కు ఆ దేశానిదే. ద్వీప దేశాలకు ఇది ఊహించని ఆస్తి. కాపలా కాసుకోవలసిన ఆస్తి కూడా.

సీషెల్స్ జనాభా లక్ష పైచిలుకు. 2011 జనగణనలో మన తాడేపల్లిగూడెం పట్టణ జనాభా సుమారు లక్షా నాలుగు వేలు. అంటే ఆ దేశం మొత్తం కలిపినా ఇంచుమించు ఒక తాడేపల్లిగూడెం. దాని ఆర్థిక మండలం మాత్రం 13 లక్షల చదరపు కిలోమీటర్ల పైనే. విడిపోకముందు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విస్తీర్ణం 2.75 లక్షల చదరపు కిలోమీటర్లు. ఒక పట్టణమంత జనం, అలాంటి నాలుగైదు రాష్ట్రాలంత నీటికి కాపలా కాయాలి. అందులోంచే టీచర్లు, నర్సులు, పోలీసులు, హోటలు సిబ్బంది రావాలి. అందులోంచే ఓడ ఇంజనీరు కూడా రావాలి.

కాపలా లేకపోతే ఏమవుతుంది? దూరదేశాల పెద్ద ట్రాలర్లు, ట్యూనా ఓడలు అనుమతి లేకుండా వలలు దించుతాయి. మాదకద్రవ్యాల రవాణా ఆ దారినే సాగుతుంది. తప్పిపోయిన జాలరిని వెతికేవాళ్లుండరు. చేపల లైసెన్సు రుసుము మీదే బతికే పసిఫిక్ దేశాలకైతే గస్తీ అంటే సొంత ఖజానాకు తాళం వేసుకోవడమే.

మనుషుల లెక్క ముందు

ఓడ కొనేముందు వేయవలసిన లెక్క సిబ్బందిది. సముద్రంలో ఓడ రాత్రీ పగలూ నడుస్తుంది కనుక సిబ్బంది వంతులవారీగా కాపలా డ్యూటీ చేస్తారు. ఒక మోస్తరు గస్తీ నౌకకు 35 మంది కావాలనుకుందాం. వాళ్లకు సెలవులుండాలి, శిక్షణకు పంపాలి, ఒడ్డు మీది ఆఫీసులో, స్టోర్సులో, రేడియో గదిలో కొందరు పనిచేయాలి. జబ్బు చేసినవాళ్లు, ఉద్యోగం మానేసినవాళ్లు ఉండనే ఉంటారు. నికరంగా ఆ ఓడ నడవాలంటే దాదాపు రెట్టింపు మంది జీతాల పట్టీలో ఉండాలి. పైగా ఒక ఓడ ఎప్పుడూ సముద్రంలో కనిపించాలంటే మూడు ఓడలుండాలని నౌకాదళాల అనుభవం: ఒకటి గస్తీలో, ఒకటి మరమ్మతులో, ఒకటి శిక్షణలోనో ప్రయాణంలోనో.

ఇది పేద దేశాల ఇబ్బంది మాత్రమే అనుకుంటే పొరపాటు. ఐర్లండ్ సంపన్న దేశం, దాని ఓడలు మంచివి. అయినా వెయ్యీ తొంభై నలుగురు ఉండాల్సిన ఆ నౌకాదళంలో ఇటీవలి ఏళ్లలో ఎనిమిది వందల మంది కూడా లేరు. 2022లో మూడు పాత ఓడలకు విశ్రాంతి ఇచ్చారు. 2023లో రోషీన్, నీవ్ అనే రెండు గస్తీ నౌకలను సిబ్బంది చాలక పక్కన పెట్టాల్సి వచ్చింది. తక్కువమందితో నడిచే చిన్న ఓడలు కావాలని న్యూజిలాండ్ వాడిన రెండింటిని 2.6 కోట్ల యూరోలకు కొని తెచ్చుకున్నారు. ఆ న్యూజిలాండ్‌లో కూడా 2022 నాటికి సిబ్బంది కొరతతో గస్తీ ఓడలు రేవులో ఆగాయి.

ఎందుకు మానేస్తున్నారు? ఓడ మీద ఎలక్ట్రీషియన్‌గా, ఇంజను మెకానిక్‌గా ఆరేడేళ్లు పండినవాణ్ణి ఒడ్డు మీది కంపెనీ ఎక్కువ జీతమిచ్చి తీసుకుపోతుంది. వారాల తరబడి ఇల్లు విడిచి ఉండాలి, పిల్లల చదువులు, ఇంటి అద్దెలు అలాగే ఉంటాయి. కొందరు వెళ్లిపోతే మిగిలినవాళ్ల మీద భారం పెరుగుతుంది, దాంతో వాళ్లూ వెళ్లిపోతారు. ఐర్లండ్ రెండేళ్లు సముద్ర సేవకు కట్టుబడినవాళ్లకు పదివేల యూరోలు ఇచ్చే పథకం పెట్టింది. సొమ్ము మంచిదే, కానీ ఖాళీలు నిండలేదు. నావికుణ్ణి చేర్చుకోవడం కంటే నిలుపుకోవడం కష్టమని, పదేళ్ల అనుభవం పోతే దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి పదేళ్లూ పడుతుందని ఆ దేశం ప్రపంచానికి చూపించింది.

శిక్షణ లోపానికి పసిఫిక్‌లో ఖరీదైన ఉదాహరణలున్నాయి. ఆస్ట్రేలియా ఇచ్చిన సమోవా ఓడ నఫనువా-2 రెండేళ్లకే, 2021 ఆగస్టులో, దిబ్బ ఎక్కి బాగుచేయడానికి వీలుకానంతగా దెబ్బతింది. ఫిజీకి 2024లో అందిన పువామౌ, తొలి గస్తీ ప్రయాణంలోనే పగడపు దిబ్బను ఢీకొంది. కొత్త ఓడకు సరిగా అలవాటు పడకముందే పగడాల మధ్యకు వెళ్లడం ఎంత ప్రమాదమో ఈ రెండూ చెబుతాయి.

ఏ ఓడ, ఎంత వేగం

పరికరాల చర్చ ఎప్పుడూ వేగంతో, తుపాకులతో మొదలవుతుంది. నిజానికి మొదట అడగవలసింది ఎంతదూరం, ఎన్నిరోజులు అని. ఓడ వేగం రెట్టింపు కావాలంటే ఇంజను శక్తి సుమారు ఎనిమిది రెట్లు కావాలి. డీజిలు ఖర్చూ అలాగే ఎగబాకుతుంది. 15 నాట్ల వేగంతో 200 నాటికల్ మైళ్లు పోవడానికి పదమూడు గంటలు పడుతుంది. చేపల గస్తీకి కావలసింది నెమ్మదిగా, రెండు మూడు వారాలు సముద్రంలోనే ఉండగల ఓడ. దొంగరవాణాను పట్టుకోవాలంటే ఒడ్డుకు దగ్గరలో ఉండే వేగపు పడవలు చాలు. ఈ రెంటినీ ఒకే ఓడలో ఇరికించాలని చూసిన దేశాలు రెంటికీ చెడ్డాయి.

పనికి సరిపోయిన చిన్న పరికరం ఎంత చేస్తుందో ఐస్‌లాండ్ చూపించింది. 1970లలో ఆ దేశ జనాభా రెండు లక్షల పైచిలుకు, 2011 జనగణన నాటి మన ఏలూరంత. సైన్యం లేదు, కోస్ట్‌గార్డుకు గుప్పెడు ఓడలు. చేపల వేట హద్దులు పెంచుకోవడంపై బ్రిటన్‌తో తగాదా వచ్చినప్పుడు, బ్రిటిష్ యుద్ధనౌకలకు ఎదురుపడి తుపాకీ యుద్ధానికి దిగలేదు. ట్రాలర్ల వెనుకగా వెళ్లి వల లాగే ఇనుప తాళ్లను తెగ్గొట్టే కత్తెరను 1972 నుంచి వాడారు. వలా, పట్టిన చేపా రెండూ పోతాయన్న భయంతో ట్రాలర్లకు వేట గిట్టుబాటు కాకుండా పోయింది. 1976 జూన్‌లో ఒప్పందం కుదిరి 200 మైళ్ల హద్దు నిలిచింది. తమ సముద్రం, తమ వాతావరణం, తమ ప్రత్యర్థి పని తీరు తెలిసిన సిబ్బంది చేతిలో ఉండబట్టే ఆ కత్తెర పనిచేసింది.

కానుకల కష్టాలు

చిన్న దేశాల ఓడల్లో చాలావరకు కానుకలు. సీషెల్స్ రేవులో ఇటలీలో కట్టిన పాత గస్తీ నౌక ఉండేది, తర్వాత భారత్ ఇచ్చిన టొపాజ్, 2014లో కాన్‌స్టంట్, 2021లో జొరాస్టర్ వచ్చాయి. అరబ్ ఎమిరేట్స్ పడవలు, చైనా పడవ కూడా చేరాయి. ఇచ్చిన చేయి ఏదైనా దండం పెట్టుకోవలసిందే. ప్రాణాలు కాపాడిన ఓడలవి. అయితే ఒక్కో ఓడలో ఒక్కో కంపెనీ ఇంజను, ఒక్కో దేశపు మాన్యువల్, ఒక్కో కొలత బోల్టు. నాలుగు రకాల ఇంజన్లకు నాలుగు రకాల విడిభాగాలు నిల్వ పెట్టాలి, నలుగురు మెకానిక్కులకు నాలుగు దేశాల్లో శిక్షణ ఇప్పించాలి. లక్ష మంది జనాభాకు అది మోయలేని బరువు.

మన పశ్చిమ గోదావరి జిల్లా ఉండి చుట్టుపక్కల రొయ్యల చెరువుల రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఏరియేటర్లు, జనరేటరు కొనడం ఒకరోజు పని. అర్ధరాత్రి కరెంటు పోయినప్పుడు ట్యాంకులో డీజిలు, అందుబాటులో బెల్టు, ఫోనెత్తే మెకానిక్కు ఉన్నాడా లేడా అన్నదాని మీదే తెల్లారేసరికి పంట బతికుండడం ఆధారపడుతుంది. గస్తీ ఓడకూ కొనుగోలు ధర ఖర్చులో మొదటి మెట్టు మాత్రమే. పాతికేళ్లు అది తినే డీజిలు, జీతాలు, రీఫిట్లు అనే భారీ మరమ్మతులు కలిపితే కొన్న ధరను ఎన్నో రెట్లు దాటిపోతాయి.

ఈ విషయంలో ఆస్ట్రేలియా పథకం దగ్గర నేర్చుకోవలసింది ఉంది. 1987 నుంచి 1997 దాకా 12 పసిఫిక్ దేశాలకు ఒకే నమూనాలో 22 పడవలు ఇచ్చింది. వాటితోపాటు సలహాదారులను, శిక్షణను, రీఫిట్లను పథకంలో భాగం చేసింది. అందువల్ల చాలా పడవలు ముప్ఫై ఏళ్లు పనిచేశాయి. 2018 నుంచి వాటి స్థానంలో 39.5 మీటర్ల గార్డియన్ తరగతి పడవలు వస్తున్నాయి. ఒకే నమూనాకు ఒక చిక్కు కూడా ఉంది: 2022లో వాటి ఎగ్జాస్టు గొట్టాల్లో పగుళ్ల వంటి లోపాలు బయటపడ్డప్పుడు ఆ లోపం అన్ని దేశాలకూ ఒకేసారి తగిలింది. అయినా బాగుచేసే బాధ్యత ఇచ్చిన దేశానిదే అని ముందే రాసుకోవడం వల్ల గ్రహీతలు గాలికి పోలేదు.

మారిషస్: మన బంధువుల దేశం

తెలుగువాళ్లకు ఈ ప్రశ్న దగ్గరగా కనిపించే చోటు మారిషస్. పంతొమ్మిదో శతాబ్దంలో కోరంగి రేవు నుంచి, ఉత్తరాంధ్ర నుంచి చెరకు తోటల కూలీలుగా వెళ్లిన మనవాళ్ల వారసులు అక్కడ నేటికీ ఉగాది చేసుకుంటున్నారు. ఎక్కిన రేవు పేరుతోనే వాళ్లకు కోరంగులన్న పిలుపు వచ్చింది. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది అక్కడే.

ఆ దేశానికి సైన్యం లేదు. 1987లో ఏర్పడిన నేషనల్ కోస్ట్‌గార్డు పోలీసు శాఖలో భాగం. జనాభా పన్నెండున్నర లక్షలు, ఆ ప్రభుత్వ లెక్క ప్రకారం సముద్రం 23 లక్షల చదరపు కిలోమీటర్లు. ప్రధాన ద్వీపం నుంచి అగలేగా ద్వీపాలు ఉత్తరాన వెయ్యి కిలోమీటర్ల పైనే. 15 నాట్లతో వెళ్లాలంటే ఒకటిన్నర రోజు పడుతుంది.

1974లో భారత్ ఇచ్చిన అమర్ అనే పాత ఓడతో ఆ దేశ గస్తీ మొదలైంది. 1996లో చిలీలో కట్టిన విజిలెంట్ వచ్చింది. హెలికాప్టరు దిగే పెద్ద ఓడ, అప్పటి మారిషస్ శక్తికి మించింది. యాంత్రిక సమస్యలతో చాలాకాలం పనికి దూరమైంది. దాని తర్వాత కోల్‌కతాలో కట్టిన బరాకుడా, 2015 మార్చి 12న కొలువులో చేరింది. భారత్ ఎగుమతి చేసిన మొదటి యుద్ధనౌక అది. తర్వాత గోవా షిప్‌యార్డు నుంచి విక్టరీ, వాలియంట్ అనే రెండు వేగపు గస్తీ నౌకలు, పది ఇంటర్‌సెప్టర్ పడవలు వచ్చాయి. ఆకాశం నుంచి చూడడానికి హిందుస్థాన్ ఏరోనాటిక్స్ డోర్నియర్ విమానాలున్నాయి. కోస్ట్‌గార్డు అధిపతిగా భారత నౌకాదళ అధికారి డెప్యుటేషన్ మీద పనిచేస్తారు, సిబ్బంది శిక్షణకు మన దగ్గరికి వస్తారు.

పరికరాల వరుస, శిక్షణ, విడిభాగాలు ఒకే దిక్కు నుంచి రావడం మారిషస్‌కు కలిసొచ్చిన బలం. ఒకే దేశం మీద అంతగా ఆనుకోవడం దాని బలహీనత. అధిపతి పదవి సొంత మనుషుల చేతికి ఎప్పుడు వస్తుందన్న ప్రశ్న ఆ దేశంలో ఎవరైనా అడిగితే అది కృతఘ్నత కాదు, స్వాభిమానం. ఆ రోజు కోసం అధికారులను తయారుచేసి ఇవ్వడం భారత్‌కూ గౌరవమే.

2020 జూలై 25న వకాషియో అనే పెద్ద సరుకు ఓడ మారిషస్ ఆగ్నేయ తీరంలో పగడపు దిబ్బ ఎక్కింది. కొద్ది రోజుల్లో వెయ్యి టన్నుల దాకా నూనె నీటిలో కలిసి, జాలర్ల బతుకుతెరువును, మడఅడవులను ముంచింది. భారత్ 30 టన్నుల సామగ్రితో కోస్ట్‌గార్డు బృందాన్ని పంపింది. అప్పటికి ఆ దేశానికి తీర రాడార్లున్నాయి, అయినా ప్రమాదం ఆగలేదు. రాడార్ తెర మీద చుక్క కనిపించడం మొదటి మెట్టు. అది దారి తప్పుతోందని గుర్తించి, రేడియోలో పిలిచి, జవాబు రాకపోతే వెంటనే పడవ తీయించగల అధికారం, అలవాటు ఆ డ్యూటీలో ఉన్న మనిషికి ఉండాలి. గస్తీ పరికరాల మీద పెట్టే ప్రతి రూపాయికీ ఆ మనిషి శిక్షణ మీద కొంత పెట్టి తీరాలి.

దూరం నుంచి చూసే కళ్లు

చిన్న దేశాలకు ఈ దశాబ్దం ఇచ్చిన మంచి సాధనం సమాచారం. ఉపగ్రహ చిత్రాలు, ఓడలు తమ ఉనికిని తెలిపే ట్రాన్స్‌పాండర్లు, డ్రోన్లు కలిసి ఏ నీటిలో ఎవరున్నారో ముందే చెబుతాయి. ఉన్న ఒక్క ఓడను గుడ్డిగా తిప్పకుండా అనుమానం ఉన్న చోటికే పంపవచ్చు. 2018లో గురుగ్రామ్‌లో ఏర్పాటైన హిందూ మహాసముద్ర సమాచార కేంద్రంలో మిత్రదేశాల అధికారులు కలిసి కూర్చుంటున్నారు. 2025 ఏప్రిల్‌లో కార్వార్ నుంచి బయలుదేరిన మన నౌక సునయన మీద తొమ్మిది దేశాల నావికులు 44 మంది మన సిబ్బందితో కలిసి గస్తీ తిరిగారు. ఇచ్చిపుచ్చుకోవడంలో ఇది అన్నిటికన్నా విలువైన రకం. ఓడ పాతబడుతుంది, నేర్చుకున్న పని ఇంకొకరికి అందుతుంది.

అయితే ఉపగ్రహం దొంగ ట్రాలర్‌ను చూస్తుందే తప్ప ఎక్కి తనిఖీ చేయదు, మునిగిపోతున్న జాలరికి చేయి అందించదు. చివరికి పడవ వెళ్లాలి.

మన తీరం మాటేమిటి

పెద్ద దేశంలో ఉన్నాం కదా, మనకెందుకీ చర్చ అనిపించవచ్చు. మన కోస్ట్‌గార్డు 1978లో చట్టబద్ధంగా ఏర్పడినప్పుడు దాని దగ్గరున్నవి ఏడు ఓడలే, నౌకాదళం ఇచ్చిన రెండు పాత ఫ్రిగేట్లు, అయిదు గస్తీ పడవలు. నౌకాదళం నుంచి వచ్చిన మనుషులే దాన్ని నిలబెట్టారు. విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డు కట్టిన అయిదు రాణీ అబ్బక్క తరగతి గస్తీ నౌకలు 2009 నుంచి 2016 దాకా ఆ దళంలో చేరాయి.

ఒడ్డుకు దగ్గరి నీటి కాపలా రాష్ట్రాలది. 974 కిలోమీటర్ల తీరమని మనం చదువుకున్న ఆంధ్రప్రదేశ్‌కు, 2005లో మొదలైన తీర భద్రతా పథకం కింద తొలి విడతలో కళింగపట్నం, విశాఖ, వాకలపూడి, గిలకలదిండి, సూర్యలంక, దుగరాజపట్నంలలో ఆరు మెరైన్ పోలీసు స్టేషన్లు వచ్చాయి. 2008 ముంబయి దాడి తర్వాత రెండో విడతతో కలిపి 21 అయ్యాయి. కోల్‌కతా, గోవా యార్డులు కట్టిన 12 టన్నుల, 5 టన్నుల వేగపు పడవలను దేశమంతటా పంచారు. తర్వాత జరిగింది చిన్న దేశాల కథే. నేల మీది స్టేషన్ల నుంచి బదిలీపై వచ్చిన పోలీసులకు సముద్రం కొత్త. పడవ కట్టుకోవడానికి జెట్టీ లేని స్టేషన్లు, విడిభాగం రాక ఆగిన ఇంజన్లు, చాలని డీజిలు కోటా, నిండని సాంకేతిక పోస్టులు: పలు తీర రాష్ట్రాల గురించి కాగ్ నివేదికలు ఇవే మాటలు మళ్లీ మళ్లీ రాశాయి.

మనకు ఆ దేశాలకు లేని సంపద ఒకటుంది. మనుషులు. కొల్లేటి నీరు ఉప్పుటేరు మీదుగా సముద్రంలో కలిసే మన పశ్చిమ గోదావరి తీరం పందొమ్మిది కిలోమీటర్లే కావచ్చు. నరసాపురం, మొగల్తూరు మొదలుకొని శ్రీకాకుళం దాకా పోటు, ఆటు, గాలి, ముఖద్వారాల ఇసుక మేటలు పుట్టుకతో తెలిసిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. సొంత తీరంలో బతుకుతెరువు చాలక గుజరాత్ బోట్ల మీదికి వలస వెళ్లి, 2018 చివర్లో పాకిస్తాన్ గస్తీకి చిక్కి, ఏడాదికి పైగా చెరలో ఉన్న ఉత్తరాంధ్ర జాలర్లు ఆ నైపుణ్యం ఉన్నవాళ్లే. విశాఖలోని కేంద్ర మత్స్య నౌకా శిక్షణ సంస్థ (సిఫ్‌నెట్) విభాగం పదో తరగతి చదివినవాళ్లకు వెసెల్ నావిగేటర్, మెరైన్ ఫిట్టర్ కోర్సులు నేర్పుతోంది. గుజరాత్‌లోని ఓఖాలో తీర పోలీసులకు జాతీయ అకాడమీ ఉంది. దారులు ఉన్నాయి, వాటిని ఉద్యోగంతో కలిపే వంతెన కావాలి.

మెరైన్ పోలీసుకు విడిగా ఒక శ్రేణి ఉండాలి. సరంగు, ఇంజను డ్రైవరు, రేడియో ఆపరేటరు పోస్టుల్లో మత్స్యకార యువతను శాశ్వత ఉద్యోగులుగా తీసుకుని, పదోన్నతి కూడా సముద్రంలోనే ఇవ్వాలి. మూడేళ్లకోసారి ఊరి స్టేషనుకు బదిలీ చేసే పద్ధతి వాళ్లకు వర్తించకూడదు. పడవ కొనే ప్రతి టెండరులోనూ పదేళ్ల విడిభాగాలు, మరమ్మతు, శిక్షణ కలిపే ధర అడగాలి. జెట్టీ పూర్తికాని చోటికి పడవ పంపకూడదు. ప్రతి స్టేషను పడవలు ఏడాదిలో ఎన్ని గంటలు నీటి మీదున్నాయో శాసనసభ ముందు పెట్టాలి. ఆ ఒక్క సంఖ్య బయటికొస్తే, డీజిలు ఎక్కడ ఆగిందో, మెకానిక్కు ఎక్కడ లేడో ప్రజలే అడుగుతారు.

మాల్దీవులకు, సీషెల్స్‌కు, మారిషస్‌కు ఇచ్చేటప్పుడు కూడా మన దేశం ఇదే నియమం పాటించాలి. ఓడతోపాటు పదేళ్ల విడిభాగాలు, ఆ దేశపు యువకులకు మన యార్డుల్లో శిక్షణ సీట్లు, సొంతంగా మరమ్మతు చేసుకునే చిన్న వర్క్‌షాపు కలిపి ఇవ్వాలి. ఒక చిన్న దేశం తన సముద్రాన్ని తన మనుషులతో కాచుకోగలిగిన రోజే మనం ఇచ్చిన ఓడకు సార్థకత.